కుదపవద్దు

"ఈ రక్తం ఎవరు తెచ్చారు?"

కాన్పుల కేంద్రం తలుపు తోసుకుని లోపలికి వస్తూనే ఫెన్నా అడిగిన మాట అది. ముందు గదిలో కూర్చున్న నలుగురు గర్భిణులూ ఒక్కసారిగా పొట్టల మీద చేతులు వేసుకున్నారు.

బయట మార్చి నెల వాన, డచ్చి దేశపు వాన. గ్రోనింగెన్‌లో వాన నిలువుగా పడదు. సముద్రపు గాలితో పందెం వేసుకుని అడ్డంగా పరుగెత్తుతుంది. అందుకే ఫెన్నా కోటు ఎడమ పక్క తడిసి ముద్దయింది, కుడి పక్క పొడిగా ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం, కాగితం మీద కొండలా లేచిన గీత.

లోపలి గదిలోంచి ఎర్రగడ్డం యువకుడు ఒకడు తల బయట పెట్టాడు.

"ఎవరి రక్తం?"

"ఇరవై ఏడో నంబరు. మంగళవారం మా ల్యాబ్‌కి వచ్చింది."

"ఓ, అదా! నేనే తెచ్చా. పదకొండు నిమిషాల్లో. అది రికార్డు. మెడల్ ఇవ్వడానికి వచ్చారా?"

"సైకిల్ మీదా?"

"కాక, ఏనుగు మీదా?"

గర్భిణుల్లో ఒకావిడ కిసుక్కుమంది. ఫెన్నా మాత్రం నవ్వలేదు.

"ఏ దారిన?"

"పాత చేపల సంత మీదుగా. అదే దగ్గర."

"ఇటుకల రోడ్డు!" ఫెన్నా కళ్ళు మూసుకుంది. "ఆ ఇటుకల మీద సైకిల్ తొక్కితే నా పళ్ళే కదులుతాయి. ఇక గొట్టంలో రక్తం గతేమిటి? సంచి హ్యాండిల్‌కి తగిలించారా?"

"...తగిలించా."

"ఊగిందా?"

"హ్యాండిల్‌కి తగిలిస్తే ఊగకుండా ఉంటుందా?"

అతని పేరు రైండర్. ఆ కేంద్రంలో ఆరుగురు మిడ్‌వైఫులు, అతనొక్కడే మగవాడు. కొత్తగా వచ్చిన గర్భిణి ఎవరైనా "డాక్టరు గారూ" అని పిలిస్తే, "డాక్టర్ని కాదండీ, మంత్రసానిని" అని తనే చెప్పి ముందు ఓసారి నవ్వించేస్తాడు. ఎంత కోపంగా వచ్చినవాళ్ళయినా అతని దగ్గర అయిదు నిమిషాలకి చల్లబడతారని కేంద్రంలో పేరు.

ఫెన్నా అయిదు నిమిషాలకి చల్లబడలేదు. పాఠం మొదలుపెట్టింది.

"చూడండి. కడుపులో బిడ్డకి అన్నం పెట్టే మావి ఉంది కదా, మన అమ్మ కేకు..." అక్కడ మావిని అలాగే అంటారు. "అది తల్లి రక్తంలోకి సన్న సన్న సంచులు వదులుతూ ఉంటుంది. మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. ఒక్కో సంచిలో ఒక్కో కబురు. కొందరు తల్లులకి బీపీ ఉన్నట్టుండి పెరిగిపోయి, తల్లికీ బిడ్డకీ ప్రమాదం అవుతుంది కదా? వాళ్ళ మావి ఎక్కువ సంచులు వదులుతుంది, వాటిలో కబుర్లు కూడా వేరు. బీపీ పెరగక ముందే ఆ కబురు మనం చదవగలమా అన్నదే నా పని."

"మంచి పనే. దానికీ ఇటుకలకీ ఏమిటి సంబంధం?"

"రక్తాన్ని కుదిపితే అందులో ప్లేట్‌లెట్లు కంగారుపడి అవి కూడా ఇలాంటి సంచులే వదిలేస్తాయి. లక్షల్లో! ఆ గుంపులో నాక్కావలసినవి ఎక్కడ వెతకను? మీరు రికార్డు కొట్టారు, నా గీత ఇదిగో ఇలా కొండెక్కింది."

రైండర్ కాగితం వంక చూశాడు. ఈసారి నవ్వలేదు.

"మరెలా తేవాలి?"

"నడిచి."

"నడిచా? గ్రోనింగెన్‌లోనా? మనిషి నడుస్తూ కనిపిస్తే ఈ ఊళ్ళో 'అయ్యో, సైకిల్ ఎవరు కొట్టేశారు?' అని అడుగుతారండీ!"

"అడిగితే చెప్పండి. గొట్టం నిలువుగా ఉండాలి. కుదపకూడదు. గంటలోపు చేరాలి." ఫెన్నా జేబులోంచి పసుపుపచ్చ స్టిక్కర్ల చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి స్టిక్కర్ మీదా నల్ల అక్షరాలు: నిలువుగా పట్టుకోండి. కుదపవద్దు.

వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయింది. రైండర్ ఒక స్టిక్కర్ ఊడదీసి తన చొక్కా జేబు మీద, సరిగ్గా గుండె దగ్గర, అతికించుకున్నాడు. గర్భిణులు నలుగురూ నవ్వారు. అతను కూడా నవ్వాడు గానీ, ఆ స్టిక్కర్ ఆ రోజంతా తీయలేదు.

*

ఫెన్నాకి ఆ పని ఉద్యోగం మాత్రమే కాదు.

ఆమె ముప్ఫై వారాలకే పుట్టిన పిల్ల. అప్పుడు అమ్మకి బీపీ పెరిగి కళ్ళు బైర్లు కమ్మితే, అర్ధగంటలో ఆపరేషన్ చేసి ఇద్దరినీ దక్కించారు. నాన్న ఆవుల్ని మేపే రైతు. ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతాడు, "పుట్టినప్పుడు మా ఫెన్నా దూడంత కూడా లేదు, దూడ చెవంత ఉంది" అని. ఆ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అందుకే ఆమెకి సరదాగా ఏదీ చేయడం రాదు, కాఫీ కలిపినా గడియారం చూసి కలుపుతుంది.

మే నెలాఖరుకి అరవై మంది తల్లుల మంచి శాంపిళ్ళు లెక్క తేలాలి. తేలితే ఆమె పద్ధతిని మరో నాలుగు ఊళ్ళ ఆసుపత్రుల్లో పెద్ద ఎత్తున ప్రయత్నిస్తారు. తేలకపోతే మూడేళ్ళ శ్రమ ఫ్రీజర్‌లోనే ఉండిపోతుంది. ప్రొఫెసర్ ఆ మాట మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పినందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

ఆ గురువారం మధ్యాహ్నం ల్యాబ్ కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు. బయట రైండర్. రెండు చేతులతో ఒక పెట్టెని, దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మోయ్!" అన్నాడు, ఆ ఊరి పలకరింపు. "నలభై మూడు నిమిషాలు. ముగ్గురు సైకిల్ పోయిందా అని అడిగారు. ఒకావిడ జాలిపడి తన సైకిల్ ఇవ్వబోయింది."

ఫెన్నా గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మరలో పెట్టి, తిప్పి, లెక్కకి ఎక్కించింది. రెండు గంటల తరువాత గీత చదునుగా, పొలం గట్టులా వచ్చింది. ఆమె ఫోన్ తీసి అతనికి ఒక్క మాట పంపింది: "బాగుంది."

వెంటనే జవాబు: "నేనా, రక్తమా?"

ఫెన్నా ఫోన్‌ని బోర్లా పెట్టేసింది. ఎదురు బల్ల దగ్గర ట్రూస్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. ట్రూస్ ఆ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళుగా టెక్నీషియన్, ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది.

"పిల్లా, గీత బాగా వస్తే నీ చెవులు ఎర్రబడతాయని నాకిన్నాళ్ళూ తెలీదు."

"చలికి, ట్రూస్."

"హీటర్ పక్కన కూర్చున్నావ్."

అలా మొదలైంది. మంగళవారాలూ గురువారాలూ శాంపిళ్ళ రోజులు. కేంద్రంలో ఆరుగురు ఉన్నా పెట్టె మాత్రం ఎప్పుడూ రైండర్ చేతిలోనే కనిపించేది. నాలుగు గంటలకి ల్యాబ్‌లో కాఫీ. ట్రూస్ బిస్కట్ల డబ్బా తెరిచి ఒక్కొక్కరికి ఒక్కటి ఇచ్చి, మూత టక్కున పెట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ళలో ప్రొఫెసర్‌కి కూడా రెండోది ఇచ్చిన దాఖలా లేదు. మూడో వారం ఆమె మూత పెట్టి, ఆలోచించి, మళ్ళీ తెరిచి రైండర్ ముందుకి జరిపింది.

అందరూ కాఫీ కప్పులు కింద పెట్టి చూశారు.

"నడిచొచ్చాడు కదా, పాపం," అంది ట్రూస్.

రైండర్ ఆ బిస్కట్‌ని పతకంలా అందుకున్నాడు. "ఫెన్నా గారూ, చూశారా? మీరు ఇవ్వని మెడల్ ఈవిడ ఇచ్చారు."

"ఇంకా ఆ 'గారూ' ఏంటి?" అంది ఫెన్నా. అని, తనే ఉలిక్కిపడి కాఫీ తాగేసింది. కాఫీ కాలుతోంది.

*

ఆమె మనసు ఎప్పుడు జారిందని అడిగితే ఫెన్నా రోజు, టైము కూడా చెప్పగలదు. ఏప్రిల్ పదహారు, ఉదయం పదిన్నర, కేంద్రం వంటగది.

హార్మ్‌కె అనే ఆవిడ వచ్చింది, ఇరవై ఏడో నంబరు. మొదటి కాన్పులో బీపీతో చాలా అవస్థ పడింది, ఇది రెండోది. పాడైన శాంపిల్ బదులు మళ్ళీ రక్తం ఇవ్వమంటే బెదిరిపోయింది. "మళ్ళీ ఎందుకు? నాలో ఏదో ఉందనేగా?" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఫెన్నా శ్రద్ధగా చెప్పసాగింది. మావి పైపొర, నానోమీటర్లు, సంచుల పొర, లోపలి ప్రొటీన్లు. చెబుతున్నకొద్దీ హార్మ్‌కె మొహం పాలిపోతోంది. అది కనిపిస్తున్నా ఎక్కడ ఆపాలో ఫెన్నాకి తెలియడం లేదు.

రైండర్ అలమర తెరిచి ఒక అట్టపెట్టె తీశాడు. చిట్టెలుకల పెట్టె. అంటే సోంపు గింజలకి పంచదార పూసి, గింజ తొడిమె చిన్న తోకలా బయటికి వదిలేసిన మిఠాయి. ఇంట్లో బిడ్డ పుడితే గుండ్రటి పెళుసు బిస్కట్ మీద వెన్న రాసి, అవి చల్లి, వచ్చినవాళ్ళందరికీ పెడతారు. ఆడపిల్లయితే గులాబీ రంగు, మగపిల్లాడయితే నీలం. కాన్పుల కేంద్రంలో రెండు రంగులూ ఎప్పుడూ ఉంటాయి.

అతను గుప్పెడు చిట్టెలుకల్ని సాసర్‌లో పోశాడు.

"హార్మ్‌కె, ఇదిగో. నీ అమ్మ కేకు రోజూ ఇలాంటివి నీ ఒంట్లోకి విసురుతూ ఉంటుంది. అందరికీ విసురుతుంది. పైన పంచదార పొర, లోపల గింజ. గింజే కబురు. 'అమ్మా, ఇక్కడంతా బాగుంది. అమ్మా, కాస్త రక్తం ఎక్కువ పంపు.' అంతే. ఈవిడ వాటిని లెక్కపెట్టి, గింజ రుచి చూసి, కేకు సుఖంగా ఉందో విసుక్కుంటోందో కనిపెట్టాలని చూస్తోంది. విసుగని ముందే తెలిస్తే మనం ముందే జాగ్రత్తపడతాం. నీకోసం కాకపోతే, నీ వెనకాల వచ్చేవాళ్ళకోసం."

హార్మ్‌కె ఒక చిట్టెలుకని నోట్లో వేసుకుంది. కరకర నమిలింది.

"నాదేం చెబుతోంది?"

"ఇంకో పది తినమంటోంది."

ఆవిడ ఏడుపు మధ్యలో నవ్వేసి, చొక్కా చెయ్యి పైకి మడిచింది.

ఫెన్నా సాసర్ వంకే చూస్తూ ఉండిపోయింది. తన మూడేళ్ళ చదువు మొత్తం ఆ సాసర్‌లో ఉంది. తను నాలుగు వందల పేజీల్లో చెప్పలేనిది అతను గుప్పెడు మిఠాయితో చెప్పేశాడు. కోపం రావాలి నిజానికి. రాలేదు.

"ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు రైండర్.

"సైజు తప్పు," అంది ఫెన్నా. "చిట్టెలుక చాలా పెద్దది."

*

ఆ వారమే నాన్న భుజం పట్టేసింది. ప్రతి గురువారం సాయంత్రం పాలు పితకడానికి ఫెన్నా ఊరెళ్ళక తప్పలేదు. నాలుగూ ఇరవైకి రైలు. మళ్ళీ సోమవారం గానీ రాదు. వెళ్ళే ముందు రైండర్ తెచ్చిన పెట్టె అందుకుని, ఒక్క నిమిషం మాట్లాడి, స్టేషన్‌కి పరుగెత్తేది. ఆ ఒక్క నిమిషంలో అతను ఎప్పుడూ ఏదో చెప్పబోయి, "సరే, మంగళవారం" అనేవాడు.

ఆ ఒక్క నిమిషం గురించే రైల్లో గంటసేపు ఆలోచించేది.

ఆ నెలలో నాలుగో మంగళవారం రైండర్ రాలేదు. ఇమ్‌కె అనే ఇంకో మిడ్‌వైఫ్ వచ్చింది. పెట్టెతో పాటు ఒక పెద్ద డబ్బా కూడా తెచ్చింది.

"రైండర్ సెలవు. ఇంట్లో పాప! రాత్రంతా నిద్ర లేదట. మీ అందరికీ పెట్టమన్నాడు."

డబ్బా నిండా వెన్న రాసిన గుండ్రటి బిస్కట్లు, వాటి మీద గులాబీ చిట్టెలుకలు.

ల్యాబ్ అంతా హుషారుగా అభినందనలు చెప్పుకుంది. ఫెన్నా ఒకటి తీసుకుని కొరికింది. ఆ బిస్కట్‌ని ఏడవకుండా తినడం వచ్చేమో గానీ, విరక్కుండా తినడం ఎవరికీ రాదు. సగం ముక్కలై ఒళ్ళో పడింది. చిట్టెలుకలు నేల మీదికి దొర్లిపోయాయి.

"బాగుందా?" అంది ట్రూస్, ఆమె మొహం చూస్తూ.

"తియ్యగా ఉంది," అంది ఫెన్నా.

గురువారం రైండర్ వగర్చుకుంటూ వచ్చాడు. కళ్ళ కింద నలుపు, మొహం నిండా వెలుగు.

"అభినందనలు," అంది ఫెన్నా చెయ్యి చాచి.

"థాంక్స్!" ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. "బుజ్జి ముండ రాత్రంతా అరుస్తుంది, తెల్లారి బుద్ధిమంతురాల్లా పడుకుంటుంది. గోళ్ళు చూశావంటే..."

ఇదీ ఆ దేశంతో వచ్చిన చిక్కు. అక్కడ పుట్టినరోజుకి, కాన్పుకి, అమ్మానాన్నలకే కాదు, అత్తకీ మామకీ తాతకీ పక్కింటివాళ్ళకీ కూడా అభినందనలు చెబుతారు, అందరూ థాంక్స్ అంటారు. పురుడు పోసుకున్నది అదే ఇంట్లో ఉంటున్న అతని అక్క. కాబట్టి ఆ కాన్పుకి రైండర్‌ని అభినందిస్తే, అతను మామూలుగానే థాంక్స్ అన్నాడు. ఆ పాప ఎవరి పాపో ఆ మాటతో తేలదు. ఫెన్నా అడగలేదు, రైండర్ చెప్పలేదు.

"వెళ్ళాలండీ, రైలుంది," అంది ఫెన్నా.

"అండీ?" అన్నాడు రైండర్. కానీ ఆమె అప్పటికే తలుపు దాటింది.

*

సోమవారం ల్యాబ్‌కి రాగానే, నెలాఖరు దాకా ఆపి ఉంచిన ఏప్రిల్ లెక్కలన్నీ ఫెన్నా తెరిచింది. తల దించుకుని చేసుకునే పని ఉన్నందుకు హాయిగా అనిపించింది. ఆ హాయి పది నిమిషాలు కూడా నిలవలేదు.

ఏప్రిల్ గీతల్లో ఆరు కొండలు లేచాయి. మూడు గురువారాలు, రోజుకి రెండేసి. మంగళవారాలన్నీ చదునుగానే ఉన్నాయి.

గొట్టాలు అవే, మర అదే, ఒక్క రోజు తప్ప తెచ్చిన మనిషీ అతనే. మొత్తం యాభై నాలుగు మంచివి, ఆరు పాడైనవి. మే నెలాఖరుకి నాలుగు వారాలే ఉన్నాయి.

మంగళవారం రైండర్ కిటికీ తట్టగానే ఆమె కాగితాలతో బయటికి వెళ్ళింది.

"గురువారాలు సైకిల్ ఎక్కుతున్నారా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"ఒట్టు. మార్చి నుంచీ ఈ పెట్టెతో సైకిల్ ముట్టుకోలేదు."

"మరి గురువారాలు ఏం జరుగుతోంది?"

రైండర్ మెడ దగ్గర మొదలైన ఎరుపు గడ్డంలో కలిసిపోయింది.

"గురువారాలా? ఏమో... కేంద్రంలో ఆలస్యం అవుతుంది..."

"ఆరుగురు తల్లుల రక్తం అండీ. హార్మ్‌కె రెండోసారి ఇచ్చింది కూడా అందులో ఉంది. మీరే ఆవిడకి మాటిచ్చారు, కబురు చదువుతామని." ఫెన్నా కాగితాలు అతని ముందుకి చాచింది. "ఇక మీరు తేవద్దు. ఇంట్లో పసిపిల్ల ఉంది, మీకూ తీరిక ఉండదు. ఇమ్‌కెని పంపండి."

అతను కాగితాల మీది తేదీలని ఒక్కొక్కటిగా చూశాడు. ఏదో లెక్క తేలినట్టు మొహం మారింది. పెట్టె ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పెట్టె నిలువుగానే ఉంది.

తరువాతి రెండు వారాల్లో ఇమ్‌కె ఒక్కొక్కటిగా అయిదు గొట్టాలు తెచ్చింది. అన్నీ పాత నంబర్లే, పాడైన ఆరుగురిలో అయిదుగురివి. మొదటి పెట్టెలో మడిచిన కాగితం ఉంది.

"ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళి అడిగా. అందరూ ఇంకా ముప్ఫై నాలుగు వారాల లోపే, అంటే నీ నియమాలకి సరిపోతారు. మళ్ళీ ఇస్తామన్నారు. తప్పు నాదే. ఎలాగని మాత్రం అడగొద్దు. రైండర్."

అయిదూ చదునుగా వచ్చాయి. యాభై తొమ్మిది. ఇక మిగిలింది హార్మ్‌కె.

"సంతోషంగా లేవేం?" అంది ట్రూస్.

"గురువారం ఏం జరిగిందో తెలీకుండా వ్యాసంలో ఏమని రాయను? కారణం రాయాలి కదా."

"వ్యాసం కోసమేనా?"

"...పద్ధతి కోసం."

"అయితే పద్ధతిగా వెతుకు. అతను నడిచిన దారిన నడిచి చూడు." ట్రూస్ గడియారం వంక చూసింది. "ఇవాళ గురువారమేగా."

*

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఫెన్నా రైలు సంచి భుజాన వేసుకుని ఎదురుదారిలో బయలుదేరింది. దారిలో ఎక్కడ ఇటుకలున్నాయో, ఎక్కడ మెట్లున్నాయో నోట్‌బుక్‌లో రాసుకుంటూ కాలవ దాకా వచ్చింది. పడవలు వస్తే పైకి లేచే వంతెన అక్కడుంది. దాన్ని నడిపే పోప్కో గాజు గదిలో కూర్చుని ఉల్లిపాయ సూప్ తాగుతున్నాడు.

"ఒక మాట అడగొచ్చా? ఎర్రగడ్డం ఉన్న ఒకాయన, చేతిలో పెట్టె..."

"మంత్రసాని బాబా!" పోప్కో చెంచా పక్కన పెట్టాడు. "ఏమయ్యాడు? రెండు వారాలుగా కనబడ్డంలేదు."

"ఆయన ఇక్కడ ఎలా నడుస్తారు?"

"అదేం ప్రశ్నమ్మా? మంగళవారం పెళ్ళికొడుకులా నడుస్తాడు. గురువారం దొంగలా పరుగెత్తుతాడు."

ఫెన్నా పెన్సిల్ ఆగిపోయింది.

"పరుగా?"

"మరేంటి! 'పోప్కో, నీకు దణ్ణం పెడతా, వంతెన ఎత్తకు, నాలుగూ పది దాటితే ఆమె రైలుకి వెళ్ళిపోతుంది, మళ్ళీ మంగళవారం దాకా కనబడదు' అంటాడు. ఒకసారి బెల్జియం పడవని ఆపేశాను వీడికోసం. వాడు తిట్టిన తిట్లు నాకు అర్థం కాలేదు కాబట్టి సరిపోయింది." పోప్కో ఆమెని, ఆమె రైలు సంచినీ మార్చి మార్చి చూశాడు. "అవునూ, మొన్న మేనమామ అయ్యానని నాకూ చిట్టెలుకల బిస్కట్ పెట్టాడు. నువ్వు తిన్నావా?"

"మేన... మామా?"

"వాళ్ళక్క కూతురట. అందరూ ఒకే ఇల్లు. ఇంతకీ నువ్వు ఎవరివమ్మా?"

ఫెన్నా జవాబు చెప్పేలోపే గంట మోగింది. అడ్డకర్రలు దిగాయి. పొడుగాటి పడవ ఒకటి వస్తోంది. వంతెన మెల్లగా లేచి, ఆకాశంలోకి నిటారుగా నిలబడింది.

పడవ దాటి, వంతెన కిందికి దిగుతుండగా ఆవలి గట్టు మీద ఎర్రగడ్డం కనిపించింది. ఇమ్‌కె కాన్పుకి వెళ్ళినట్టుంది, పెట్టె రైండర్ చేతిలో ఉంది. అతను ఈవలి గట్టు మీద ఫెన్నాని చూశాడు. భుజాన రైలు సంచి చూశాడు. కాలవ పక్క గడియారం చూశాడు. నాలుగూ ఎనిమిది.

అడ్డకర్ర లేవకముందే అతని కాలు ముందుకి పడింది.

"రైండర్! పరుగెత్తకు!"

ఫెన్నా జీవితంలో అంత గట్టిగా అరవలేదు. ఆవుల్ని తోలేటప్పుడు కూడా. రెండు గట్ల మీదా ఆగిన సైకిళ్ళవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"నీ రైలు!" అరిచాడు అతను.

"పోనీ! నేను ఎక్కడికీ వెళ్ళను! నువ్వు నడిచిరా!"

అడ్డకర్రలు లేచాయి. సైకిళ్ళన్నీ గంటలు మోగించుకుంటూ దాటిపోయాయి. వాటి మధ్య రైండర్ ఒక్కడూ పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించి, అడుగు తరువాత అడుగు వేస్తూ వచ్చాడు. ఆ వంతెన పొడవు ముప్ఫై అడుగులకి మించదు. అంత దూరం నడక ఫెన్నా ఎన్నడూ చూడలేదు.

ఎదురుగా వచ్చి ఆగాడు.

"ఇది హార్మ్‌కెది. అరవయ్యోది."

"తెలుసు."

"గురువారాలు ఎందుకు పాడయ్యాయంటే..."

"తెలుసు. పోప్కో చెప్పాడు."

రైండర్ గాజు గది వంక తిరిగి చూశాడు. పోప్కో చెంచా ఊపాడు.

"మెట్లు ఎక్కేటప్పుడే కాస్త తొందరపడతాననుకున్నా," అన్నాడు రైండర్. "నువ్వు తేదీలు చూపించాకే అర్థమైంది. నిన్ను చూడాలన్న తొందరలో నీ పనే పాడు చేశానని ఏ మొహంతో చెప్పను?"

"నేను కూడా ఒకటి తప్పు లెక్క కట్టా."

"ఏంటి?"

"నువ్వు నాన్నవయ్యావనుకున్నా."

అతను పెట్టె వంకా ఆమె వంకా చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వకు! కుదుపుతున్నావ్!" ఫెన్నా పెట్టె కింద తన చెయ్యి కూడా వేసింది. చెయ్యి చేతికి తగిలింది. ఇద్దరూ తీయలేదు.

"అందుకేనా మళ్ళీ 'అండీ'లూ 'మీరు'లూ?"

"అందుకే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నువ్వే. నువ్వు నడిచొచ్చే రోజుల కోసమే నేను వారం లెక్కపెడుతున్నా, రైండర్. వ్యాసంలో ఇది రాయలేను కాబట్టి నోటితో చెబుతున్నా."

ఇద్దరూ ఒకే పెట్టెని నాలుగు చేతులతో పట్టుకుని ల్యాబ్ దాకా నడిచారు. అలా నడవడం చాలా ఇబ్బంది. ఎవరూ వదల్లేదు.

సాయంత్రం గీత వచ్చింది. పొలం గట్టులా చదునుగా. అరవై. ట్రూస్ బిస్కట్ల డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టేసి, మళ్ళీ మూత పెట్టకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఫెన్నా నాన్నకి ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళ రైలు తప్పింది. తరువాతి దానికి వస్తా. అరవై పూర్తయ్యాయి."

"పక్కింటివాడు పితుకుతున్నాడులే, కంగారుపడకు. అరవయ్యా! అమ్మతో చెప్పనా?" అన్నాడు నాన్న. "నువ్వెప్పుడూ రైలు తప్పలేదు కదమ్మడూ. ఎవరతను?"

"...మిడ్‌వైఫ్, నాన్నా."

అవతల ఆవు ఒకటి అరిచింది. నాన్నకి ఈనబోయే ఆవులు గుర్తొచ్చినట్టున్నాయి.

"దూడల్ని లాగడం వచ్చా?"

ఫెన్నా ఫోన్ చెవి నుంచి తీసి, "దూడల్ని లాగడం వచ్చా?" అని అడిగింది.

"మనుషుల పిల్లల్నైతే నాలుగు వందల పన్నెండు మందిని లాగా," అన్నాడు రైండర్. "దూడలు నేర్చుకుంటా."

"విన్నాను," అన్నాడు నాన్న. "తీసుకురా. వచ్చే గురువారం రమ్మను. మెల్లగా రమ్మను."

బయట వాన ఆగింది. స్టేషన్‌కి రైండర్ సైకిల్ వెనక సీటు మీద కూర్చుంది ఫెన్నా. అతను సందు మలుపులో ఆగి వెనక్కి తిరిగాడు.

"చేపల సంత మీదుగా వెళ్తే దగ్గర. కానీ ఇటుకల రోడ్డు. కుదుపుతుంది."

ఫెన్నా జేబులోంచి పసుపుపచ్చ స్టిక్కర్ ఒకటి తీసి, అతని కోటు వీపు మీద అతికించి, రెండు చేతులూ అతని నడుం చుట్టూ వేసింది.

"పోనియ్యి," అంది. "ఇవాళ నా రక్తంలో సంచులు ఎవరూ లెక్కపెట్టరు."